తోళ్ళ వ్యాపారం అడిగావు కాబట్టి

విశాఖపట్నం

చిరంజీవి శ్రీనుకి పెదనాన్న ఆశీస్సులు.

ఉత్తరం అందింది. తోళ్ళు పదును చేసే ఫ్యాక్టరీ పెడతానన్నావు. మొహమాటం లేకుండా చెబుతున్నాను, దాని జోలికి పోకు. బ్యాగులు, చెప్పులు కుట్టే పని పెట్టుకో.

మన సముద్రపు ఉక్కలో పచ్చితోలు పూట తిరక్కుండానే మెత్తబడుతుంది. ఓ బక్రీదుకి చవగ్గా వస్తున్నాయని మేకతోళ్ళు ఎగబడి కొన్నాను. ఉప్పు చాల్లేదు, పొద్దున్న తెప్పిద్దాంలే అనుకున్నాను. పొద్దున్న వేలితో గీరితే వెంట్రుకలు ఊడొచ్చాయి! మద్రాసు షావుకారు సగం ధర కూడా ఇవ్వలేదు. తోలు బరువులో 40 శాతం దాకా ఉప్పు పడుతుంది మరి. ఒలిచేవాడి కత్తి జారిందా, ఆ గాటు బూటయ్యాక కూడా కనిపిస్తుంది.

ఆ ఉప్పు ఎక్కడికి పోతుంది? నీళ్ళలోకే. కిలో తోలుకి 30, 40 లీటర్ల నీళ్ళు. తోలు పదునుకి వాడే క్రోమియం అనే లోహపు మందునయినా విడదీసి మళ్ళీ వాడుకోవచ్చు, కరిగిన ఉప్పుతోనే చావు. తమిళనాడులో తోళ్ళ ఊళ్ళు ఆంబూరు, వాణియంబాడి వాళ్ళు పనిలో ఎవరికీ తీసిపోరు. అయినా అక్కడి పాలారు నది పాడైంది. పాడు చేసినవాడే కట్టాలని 1996లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇప్పుడు అక్కడ మురుగునీళ్ళు మరగబెట్టి ఉప్పు తీస్తున్నారు. ఆ కలగాపులగం ఉప్పు కొనే నాథుడు లేక గుట్టలు పడుతోంది. ఢాకా వాళ్ళు 2017లో హజారీబాగ్ నుంచి సావర్‌కి మారితే, శుద్ధి సరిగా లేక మురుగు బూరిగంగ నదిని వదిలి ధలేశ్వరి నదిని పట్టుకుంది. నీ చేతిలో ఉన్న డబ్బు ఆ శుద్ధి యంత్రాలకే చాలదు.

మా తాత లందలో, అంటే తోళ్ళు నానబెట్టే తొట్టిలో, తంగేడు చెక్కతో వారాల తరబడి ఊరబెట్టేవారట. ఆ మురుగుకి పొలం గట్టు సరిపోయేది. అది వేరే కాలం.

2025 బడ్జెట్‌లో వెట్ బ్లూ, అంటే క్రోమియం పట్టించిన తడి నీలం తోలు, దిగుమతి మీద సుంకం ఎత్తేశారు. మురికి పని దాటిన సరుకు బయటినుంచి దొరుకుతుందన్నమాట. అదే బడ్జెట్‌లో క్రస్ట్ తోలు, అంటే పదును చేసి ఆరబెట్టి చివరి మెరుగు పెట్టని తోలు, ఎగుమతి మీద ఉన్న 20 శాతం సుంకం కూడా తీసేశారు. మంచి తోలు పై దేశాలకి పోతే ఇక్కడ నీకు ధర పెరగొచ్చు, లెక్కలో వేసుకో.

ముందు చెన్నై అడయార్‌లో కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థకి వెళ్ళి శిక్షణ తీసుకో. తర్వాత నాలుగు కుట్టు మిషన్లు, అంచు పలచన చేసేది ఒకటి, చాలు. షెడ్డు అద్దెకే తీసుకో. తోలు కొనేటప్పుడు మాత్రం నన్ను పిలు. ఫోనులో ఫొటో పంపితే నేనేం చెప్పలేను, చేత్తో తడిమి చూడాలి.

మీ పెదనాన్న