పాఠకుల ప్రశ్నలు: తెర వెనుక ఏఐ

సినిమా, ఓటీటీ కంపెనీల్లో ఏఐ వాడకం గురించి ఓరుగల్లు, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ప్రశ్నల్లో నాలుగింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: నెట్‌ఫ్లిక్స్ అంత పెద్ద కంపెనీ ఏఐని ఎట్లా తెచ్చుకుంటుంది? సాఫ్ట్‌వేర్ కొని అందరికీ లాగిన్ ఇస్తే అయిపోదా?
– ఎంబీఏ విద్యార్థి, హనుమకొండ

జవాబు: లాగిన్లు ఇవ్వడం ఒక పూట పని. ఎవరు దేనికి వాడొచ్చు, దేనికి ఎవరి సంతకం కావాలి అన్నది తేల్చడమే అసలు పని. నెట్‌ఫ్లిక్స్ 2025లో తన నిర్మాణ భాగస్వాములకు ఇచ్చిన మార్గదర్శకాలు చదివితే ఇది అర్థమవుతుంది. ఏఐ ఇచ్చిన బొమ్మ ఇతరుల కాపీరైట్ సొత్తును పోలి ఉండకూడదు. మనం ఎక్కించిన స్క్రిప్టునూ ఫుటేజీనీ ఆ టూల్ దాచుకోకూడదు, వాటితో శిక్షణ పొందకూడదు. వీలైనంతవరకు కంపెనీ భద్రతలో నడిచే టూలే వాడాలి. వచ్చినది పని మధ్యలో వాడుకోవడానికే, ఫైనల్ కాపీలోకి పోకూడదు. సమ్మతి లేకుండా నటుల నటనకు గానీ యూనియన్ పరిధిలోని పనికి గానీ బదులుగా పెట్టకూడదు. ఈ అయిదూ కుదిరితే నెట్‌ఫ్లిక్స్ తరఫు మనిషికి ముందుగా తెలియజేస్తే చాలు. ఏ ఒక్కటి తప్పినా, అనుమానమున్నా పైవాళ్లను అడగాల్సిందే, లిఖిత అనుమతి కూడా అవసరపడొచ్చు.

అందుకే మూడ్‌బోర్డులు (సినిమా రంగు, వాతావరణం ఎట్లుండాలో చూపే బొమ్మలు), స్టోరీబోర్డుల (సీన్ల గీతబొమ్మలు) దగ్గర ఏఐ తొందరగా దూరింది, తెర మీద కనిపించే ఫ్రేము దగ్గర ఆగి ఆగి వస్తోంది. వెనక గోడ మీది పోస్టర్ ఒక లెక్క, కథ ఆ పోస్టర్ మీదే నడిస్తే అది ఇంకో లెక్క.

ఈ జాగ్రత్తకు ఒక కారణం యాజమాన్యం. మాటల్లో ఆదేశం ఇచ్చినంత మాత్రాన వచ్చిన బొమ్మకు కాపీరైట్ రాదని అమెరికా కాపీరైట్ కార్యాలయం 2025 జనవరి నివేదికలో చెప్పింది. కాబట్టి మనిషి గీసిందెంత, మార్చిందెంత అని చూపించగలగాలి. ఆదేశం, ఎక్కించిన బొమ్మ, ఏఐ మోడల్ వెర్షన్, తేదీ షాట్‌వారీగా దాచుకోవాలి. చాలాచోట్ల ఈ రికార్డు దగ్గరే పని చెడుతుంది. షాట్ ఓకే అయ్యాక ఏ మెట్టులో ఏం వాడారో ఎవరికీ గుర్తుండదు. రెండో కారణం 2023 సమ్మెలు. హాలీవుడ్ రచయితలు 148 రోజులు, నటులు 118 రోజులు పని ఆపి, ఏఐ షరతులను ఒప్పందాల్లోకి ఎక్కించుకున్నారు.

ఫైనల్ కాపీలోకి వెళ్లిన ఉదాహరణా ఉంది. అర్జెంటీనాలో తీసిన ఒక సిరీస్‌లో భవనం కూలే షాట్‌ను ఏఐతో చేశారు. మామూలు పద్ధతి కంటే 10 రెట్లు వేగంగా అయిందని 2025 జులైలో కంపెనీ సహ సీఈఓ టెడ్ సరండోస్ చెప్పారు. అది ఆ సీనుకు సంబంధించి కంపెనీ చెప్పుకున్న లెక్క, ప్రతి షాట్‌కూ వర్తించే రేటు కాదు.

ప్రశ్న: హైదరాబాద్ స్టూడియోలకు ఇంటి నుంచి రోటో చేస్తున్న. ఏఐ వచ్చినంక మా పని ఉంటదా?
– రోటో ఆర్టిస్టు, మడికొండ

జవాబు: రోటో (షాట్‌లోని మనిషినో వస్తువునో ఫ్రేము ఫ్రేముకూ గీత గీసి వెనక దృశ్యం నుంచి విడదీసే పని) ఒక్కటే తెలిస్తే కష్టమే. 5 సెకన్ల షాట్ అంటే సెకనుకు 24 చొప్పున 120 ఫ్రేములు. మనిషి ఆకారంలో లోపలి భాగం వరకు ఏఐ మాస్క్ (విడదీసిన ఆకారం) నిమిషాల్లో తీసిస్తుంది. తిప్పలంతా అంచుల దగ్గరే: గాలికి లేచే జుట్టు, ఒకదాని మీద ఒకటి పడే వేళ్లు, పలుచటి పైట, వేగంగా కదిలే చెయ్యి. ఫ్రేము ఆపి చూస్తే బాగానే ఉంటుంది, నడిపిస్తే అంచు వణుకుతుంది. పక్క ఫ్రేములో గీత ఎక్కడుందో మోడల్ గట్టిగా పట్టుకోదు, ప్రతిసారీ కొంత కొత్తగా అంచనా వేస్తుంది. లోపలి భాగానికి ఏఐ మాస్క్ ఉంచి, అంచుకు చేత్తో స్ప్లైన్లు (వంపు గీతలు) వేయండి. తల, చేతులు, మొండెం వేర్వేరుగా విడదీయండి. బూడిదరంగు నేపథ్యం మీద ఒకసారి, ముదురు ఎరుపు మీద ఒకసారి పూర్తి వేగంతో నడిపి చూశాకే పంపండి.

ఫైలు దగ్గరా దెబ్బ తగులుతుంది. 4కే ఈఎక్స్‌ఆర్ (వీఎఫ్ఎక్స్ పనిలో వాడే ఫైలు రకం), 16 బిట్, కుదించకుండా ఒక్క ఫ్రేమే దాదాపు 50 ఎంబీ. 120 ఫ్రేములంటే 6 జీబీ. వెబ్ టూల్ తీసుకోవట్లేదని జేపీజీ చేసి ఎక్కిస్తే దీపం, సూర్యుడు లాంటి వెలుగుల్లో వివరం తెగిపోతుంది. ఏఐ ఇచ్చే వీడియో ఎక్కువగా 8 బిట్ ఎంపీ4 కాబట్టి గ్రేడింగ్‌లో (రంగులు సరిచేసేటప్పుడు) ఆకాశం చారలు చారలుగా చీలుతుంది. అన్నిటికంటే ముఖ్యం, క్లయింటు ప్లేట్లను (అసలు ఫుటేజీని) ఉచిత సైట్లలోకి ఎక్కించకండి. గోప్యత ఒప్పందం అక్కడే తప్పినట్టు.

2025 ఫిబ్రవరిలో వీఎఫ్ఎక్స్ కంపెనీ టెక్నికలర్ మూతపడి బెంగళూరు, ముంబయి స్టూడియోల వాళ్లు రోడ్డున పడ్డప్పుడు కొందరు ఏఐని తిట్టారు. అక్కడ ప్రధానంగా డబ్బు ఇబ్బందులే. మీరు మాత్రం న్యూక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కంపోజిటింగ్ (విడివిడి పొరలను కలిపి ఒక షాట్ చేయడం), కొంచెం పైథాన్ ప్రోగ్రామింగ్ పట్టుకోండి. ఏఐ మాస్క్‌లో తప్పు పట్టి సరిచేసే మనిషి అవసరం ఇప్పుడప్పుడే పోదు.

ప్రశ్న: ఏఐ ఈ కంపెనీలకు నిన్న మొన్నటిదేనా?
– పాఠకుడు, కరీంనగర్

జవాబు: కాదు. 2006లోనే నెట్‌ఫ్లిక్స్ తన రేటింగ్ అంచనాలను 10 శాతం మెరుగుపరిచినవాళ్లకు 10 లక్షల డాలర్లని పోటీ పెట్టింది, 2009లో బహుమతి ఇచ్చింది. గెలిచిన పద్ధతిని మాత్రం పూర్తిగా వాడలేదు. వచ్చే లాభానికి దాన్ని సిస్టమ్‌లో ఇమిడ్చే శ్రమ తగదనుకుంది.

ప్రశ్న: నేను బతుకమ్మ పాటలు పాడుత. ఒక కంపెనీ రెండు గంటలు రికార్డు చేసుకుంటమంటున్నది. కాయితంల ‘ఏఐ శిక్షణతో సహా అన్ని హక్కులు’ అని ఉన్నది. సంతకం పెట్టాల్నా?
– గాయని, సిరిసిల్ల

జవాబు: ఆ లైను అట్లనే ఉంటే పెట్టకండమ్మా. అందులో మూడు వేర్వేరు బేరాలు కలిసి ఉన్నాయి: మీ పాట రికార్డు అమ్ముకోవడం, మీ గొంతుతో మోడల్‌కు శిక్షణ ఇవ్వడం, మీరు పాడని పాటను మీ గొంతులో పుట్టించడం. మూడింటికీ విడివిడిగా క్లాజులు, విడివిడిగా డబ్బు రాయించుకోండి.

పాట తరతరాలదైనా మీరు పాడిన తీరు మీద హక్కు మీదే. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణతో 38ఏ, 38బి సెక్షన్లు కళాకారులకు ఆ హక్కు ఇచ్చాయి. హక్కు రాసిచ్చినప్పుడు గడువు రాయకపోతే 5 ఏళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ 19వ సెక్షన్ చెబుతుంది. 39ఏ ద్వారా అది కళాకారులకూ వర్తిస్తుంది. ‘శాశ్వతంగా’, ‘ప్రపంచమంతటా’ అన్న మాటలు కాయితంలో ఎక్కడున్నాయో వెతకండి. వాటితో ఆ రక్షణ పోతుంది.

మీ గొంతును వందమంది గొంతులతో కలిపి మోడల్‌కు నేర్పాక మీ ఒక్కరిదీ విడదీసి తీయడం దాదాపు కుదరదు. అందుకని మీ గొంతుకు వేరే మోడల్ ఉండాలని, గడువు తీరాక దాన్నీ రికార్డింగులనూ చెరిపేసి రాతపూర్వకంగా తెలపాలని, పుట్టించే ప్రతి పాటకూ ముందు మీ అనుమతి తీసుకోవాలని, వేరే కంపెనీకి ఇవ్వకూడదని రాయించండి. పేరున్నవాళ్లకూ ఈ తగాదాలు తప్పలేదు. 2024లో అర్జిత్ సింగ్ గొంతును ఏఐతో వాడుకోకుండా బొంబాయి హైకోర్టు తాత్కాలిక ఉత్తర్వులిచ్చింది. అదే ఏడాది బాలు గారి గొంతును ఏఐతో పుట్టించారని ఒక తెలుగు సినిమావాళ్లకు ఆయన కుమారుడు చరణ్ నోటీసు పంపారు. మరణించిన ఇద్దరు గాయకుల గొంతులు వాడిన ఏ.ఆర్.రెహమాన్ మాత్రం ముందే కుటుంబాల అనుమతి తీసుకుని పారితోషికం ఇచ్చినట్టు ప్రకటించారు.

జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం దొరుకుతుంది. కాయితం అక్కడ చూపించాకే సంతకం. రికార్డింగ్ అయిన రోజే ముడి ఫైళ్ల కాపీ పెన్‌డ్రైవ్‌లో అడిగి తెచ్చుకోండి. ఏది మీరు పాడింది, ఏది యంత్రం పాడింది అన్న పంచాయితీ వస్తే అది రుజువుగా పనికొస్తుంది.