ఇంట్లోనే వెల్డింగ్ నేర్చుకుని పాత కారు ఫ్లోర్ బాగు చేసుకోవచ్చా?

నాన్నగారి పాత కారుకి ఫ్లోర్ తుప్పు పట్టింది, వెల్డింగ్ ఎప్పుడూ ముట్టుకోలేదు, ఇంట్లోనే నేర్చుకుని చేసుకోవచ్చా, ఏ మిషన్ కొనాలి అని అడిగారు. చేసుకోవచ్చు. తెనాలిలో మా ఇంటి పక్క రేకుల షెడ్డులో, మా మామయ్య వదిలేసిన 1986 ప్రీమియర్ పద్మినితో నేను చేశాను. నాది బ్యాంకు ఉద్యోగం, మా ఇంట్లో సుత్తి పట్టినవాళ్లు ఎవరూ లేరు. కాకపోతే మీరు వెల్డింగ్ అనుకుంటున్నది మొత్తం పనిలో పదో వంతు. మిగతాదంతా కోయడం, గీకడం, ఆగడం.

డ్రైవర్ కాళ్ల దగ్గర మ్యాట్ ఎత్తితే బెత్తెడు చిల్లు కనిపించింది. స్క్రూడ్రైవర్‌తో పొడుస్తూ పోతే రేకు అప్పడంలా విరిగి, చిల్లు మూరెడైంది. కింద నుంచి చూస్తే తారు. తారు గీకితే ఎవరో ఎప్పుడో వేసిన రేకు. దాని వెనక అసలు ఫ్లోర్ ఎర్రటి పొడిగా రాలుతోంది. తుప్పు మీదే అతుకు వేసి, కనపడకుండా తారు పూసి పంపేశారన్నమాట. మీరు ఆ పని చెయ్యకండి. గ్రైండర్ పెడితే తెల్లగా మెరిసే ఇనుము వచ్చేదాకా వెనక్కి కోయాల్సిందే. తుప్పుకి వెల్డు పట్టదు, పట్టినట్టు కనిపిస్తుంది, అంతే.

కోసే ముందు ఒక జాగ్రత్త. పద్మినికి కింద విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. మీది మారుతీ 800 అయినా అంతే. ఫ్లోర్, గుమ్మం కింది పెట్టె భాగం ఒకేసారి కోసేస్తే బండి నడుం వంగుతుంది, తరవాత తలుపు పడదు. నేను తలుపు ఖాళీకి అడ్డంగా చదరపు పైపు ముక్క బిగించి, ఒకసారికి ఒక ముక్క మాత్రమే కోశాను. జాకీ పెట్టే చోటు, సస్పెన్షన్ బిగించే చోటు, సీటు బెల్టు పట్టే చోటు మాత్రం నేను ముట్టుకోలేదు. వాటిని ఆటోనగర్ టింకరింగ్ మేస్త్రి చేత చేయించాను. అవి ఊడితే పోయేది రేకు కాదు.

మిషన్ సంగతి. మొదట పక్కింటి గేట్ల షాపు నుంచి ఆర్క్ మిషన్ అరువు తెచ్చుకున్నాను. రెండున్నర మిల్లీమీటర్ల రాడ్ పెట్టి ఇలా ఆనించానో లేదో, రేకులో రూపాయి బిళ్లంత బొక్క. ఆ బొక్క పూడుద్దామంటే ఇంకో బొక్క. ఫ్లోర్‌కి నేను వాడిన రేకు 20 గేజ్, అంటే 0.9 మిల్లీమీటర్లు. గేట్లు చేసే పద్ధతి దానికి పనికిరాదు. మేస్త్రులు గ్యాస్ వెల్డింగ్‌తో అద్భుతంగా చేస్తారు కానీ మంట పుట్టించే ఆ గ్యాస్ సిలిండర్లు ఇంట్లో పెట్టుకునే సరుకు కాదు. కాబట్టి మిగ్ మిషన్ కొనండి, అంటే చుట్టలోంచి సన్నటి వైరు దానంతటదే వస్తూ కరిగి అతికే రకం. 0.8 మిల్లీమీటర్ల వైరు వేయండి. ఇంటి కరెంటుకి 200 ఆంపియర్ల ఇన్వర్టర్ రకం మిషన్ చాలు (కరెంటు పోతే వాడే ఇన్వర్టర్ కాదు), ఈ రేకుకి మీరు వాడేది 40, 50 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ప్లగ్గు, మందమైన వైరు తప్పనిసరి. నేను మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడితే చుట్టలో ఉన్న వైరు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుపోయింది.

ఇప్పుడు నా పరువు తక్కువ కథ. మిషన్‌తో పాటు గ్యాస్ అక్కర్లేని వైరు వచ్చింది, గ్యాస్ బదులు వెల్డుని కాపాడే మందు పొడి లోపలే ఉండే రకం. రెండు వారాలు ఎంత కుస్తీ పట్టినా కాకిరెట్టలే పడ్డాయి. వోల్టేజీ తక్కువన్నాను, వైరు నాసిరకమన్నాను, మిషన్ అమ్మినవాడికి ఫోన్ చేసి గొంతు కూడా పెంచాను. చివరికి చూస్తే, వైరు చుట్ట పెట్టే తలుపు లోపలే బొమ్మ వేసి ఉంది. గ్యాస్ లేని వైరుకి టార్చ్, అంటే వైరు బయటికొచ్చే పిడి, మైనస్‌కి తగిలించాలి, గ్యాస్‌తో వాడే మామూలు వైరుకి ప్లస్‌కి. రోజూ తెరిచే తలుపే అది! మార్చగానే చప్పుడే మారిపోయింది. అంతకుముందు పోపులో ఆవాలు పేలినట్టు ఉండేది, తరవాత సన్నగా, ఎడతెగకుండా, వడియాలు వేగినట్టు వచ్చింది. కళ్లకంటే చెవికే ముందు తెలుస్తుంది ఈ పని.

పల్చటి రేకుకి గ్యాస్‌తో చేస్తే ఇంకా శుభ్రంగా వస్తుందని తరవాత సిలిండర్ అద్దెకి తెచ్చాను. ఇది మేస్త్రుల మంట గ్యాస్ కాదు, వెల్డుని కాపాడే మండని గ్యాస్. మే నెల, షెడ్డులో ఉక్కపోత, పక్కన స్టాండు ఫ్యాను పెట్టుకున్నాను. వెల్డు నిండా స్పాంజిలాగా రంధ్రాలు. వెల్డుకి గాలి తగలకుండా కాపాడే గ్యాస్‌ని నా ఫ్యానే ఊదేస్తోంది. ఫ్యాను కట్టేసి, తువ్వాలు తలకి చుట్టుకుని చేశాను. వేరే దారి లేదు.

అసలు కిటుకు మేస్త్రి చెప్పాడు. నేను ఉత్సాహంగా జానెడు గీత ఒకేసారి లాగేసి చూపిస్తే, రేకు అలలు తేలి వంగిపోయి ఉంది. ఆయన నవ్వి, "మీ ఇంట్లో ఆడవాళ్లు ముగ్గు ఎట్టా పెడతారు సార్? ముందు చుక్కలేగా" అన్నాడు. అదే పద్ధతి. అతుకు నాలుగు మూలలా నాలుగు చుక్కలు. తరవాత రెండు చుక్కల మధ్య ఇంకొకటి, మళ్లీ వాటి మధ్య. ప్రతి చుక్కా ఒక సెకను, అంతే. ఒకటి ఇటు పెడితే తరవాతది అటు మూల పెట్టాలి. చేయి ఆనించగలిగేంత చల్లారాకే దాని పక్కకి రావాలి. ఇలా చుక్కలన్నీ కలిసి గీత అయ్యేసరికి మూరెడు అతుక్కి నాకు ఒక ఆదివారం పట్టింది. "తొందరేముంది సార్, రేకు ఎక్కడికీ పోదు" అని ఆయన ఊతపదం. అతుకు ముందు అట్ట మీద కత్తిరించి సరిచూసుకుని, తరవాత రేకు మీద గీసుకోండి. ఎక్కడైనా బొక్క పడితే వెనక రాగి పలక ఆనించి పూడ్చండి, వెల్డు రాగికి అంటుకోదు.

కారు మీదకి పోయే ముందు పనికిరాని రేకు ముక్కల మీద కనీసం నెల రోజులు చెయ్యండి. రెండు ముక్కలు అతికి, వైస్‌లో బిగించి, సుత్తితో వంచండి. వెల్డు పక్కన రేకు చిరిగితే పాసైనట్టు. వెల్డే ఊడి వస్తే, పైన ఎంత అందంగా ఉన్నా లోపలికి దిగలేదని అర్థం. నావి మొదటి ఇరవై ఊడాయి.

కళ్ల గురించి గట్టిగా చెప్తాను. "ఒక్క చుక్కే కదా" అని హెల్మెట్ దించకుండా, తల పక్కకి తిప్పి నాలుగైదు సార్లు కొట్టాను. అప్పుడేమీ అనిపించలేదు. రాత్రి రెండింటికి కళ్లలో గుప్పెడు ఇసుక పోసినట్టు లేచాను. నీళ్లు ధారగా కారుతున్నాయి, రెప్ప తెరవలేను. మా ఆవిడకి టెన్షన్, అమ్మ బంగాళాదుంప చక్రాలు పెట్టమంటుంది. పొద్దున్నే కంటి డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. రెండు రోజులు చీకటి గదిలో పడుకున్నాను. దానంతటదే నల్లబడే హెల్మెట్ కొనండి, చూడటానికి వచ్చే పిల్లల్ని దూరంగా పంపండి. నూలు బట్టలు, బూట్లు వేసుకోండి. లుంగీ, హవాయి చెప్పులతో వెల్డింగ్ చేసేవాళ్లని వీధిలో చూసి మనమూ చేయగలం అనుకోవద్దు.

నిప్పు సంగతి కూడా. బ్యాటరీ తీసేయండి, సీట్లు, కార్పెట్, కింద తారు అన్నీ తీసేయండి. నేను భోజనానికి వెళ్లొచ్చేసరికి కార్పెట్ కింది గోనె పీచు పొగలు కక్కుతోంది. అప్పటి నుంచి పక్కన బకెట్ నీళ్లు, ఆపేశాక అరగంట కాపలా. పెట్రోల్ ట్యాంకు దగ్గర మాత్రం అసలు ప్రయోగాలు వద్దు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే ఎక్కువ ప్రమాదం.

అతుకు సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి ఒక పద్ధతి ఉంది. రాత్రి షెడ్డులో లైటు ఆర్పి, కారు కింద టార్చ్‌లైటు వెలిగించి పెట్టి, లోపల కూర్చుని ఫ్లోర్ చూడండి. నాకు ఆ రాత్రి పదకొండు వెలుతురు చుక్కలు మిలమిలా మెరుస్తూ కనిపించాయి. చాక్‌పీసుతో ఒక్కొక్కదానికీ సున్నా చుట్టాను. మర్నాడు గ్రైండ్ చేసి వాటిని పూడ్చి, అతుకుల సందులు మూసే సీమ్ సీలర్ పూసి, రెండు బకెట్ల నీళ్లు పోసి చూశాను. కింద పరిచిన పేపర్ మీద ఇంకా ఒక మూల తడి తగిలింది.