డౌన్ కంఫర్టరును ఉతకవచ్చు, కానీ ఆరబెట్టడానికి ఒక పూట కేటాయించండి

మీ డౌన్ కంఫర్టరూ (పక్షుల మెత్తని నూగు నింపిన మందపాటి దుప్పటి), రెండు దిండ్లూ తలనూనె వాసన వస్తున్నాయనీ, వాటిని నీళ్ళలో వేస్తే పాడవుతాయి కనుక ఎండలో వేస్తే చాలని మీ అత్తగారు అంటున్నారనీ రాశారు. సోఫా కుషన్ల గురించీ, వేసవిలో కంఫర్టరును దాచే పద్ధతి గురించీ కూడా అడిగారు. మేము మిన్నెసోటాలో ఉంటున్నాము. ఇక్కడి చలికి ఏడాదిలో సగం రోజులు డౌన్ కిందే నిద్ర కాబట్టి, మా ఇంట్లో వీటిని ఉతికే పని ఎన్నో ఏళ్ళుగా నేనే చూసుకుంటున్నాను.

అత్తగారి మాట బూరుగు దూది విషయంలో అక్షరాలా సరైనది. ఆ దూది పోగు బోలుగా, పెళుసుగా ఉంటుంది. నీళ్ళలో నాని ముద్దకడితే మళ్ళీ మునుపటిలా విచ్చుకోదు కనుక, మన పెద్దవాళ్ళు ఆ దిండ్లను తడపకుండా ఎండబెట్టి, కావలసినప్పుడు దూది ఏకించి మళ్ళీ కుట్టించేవారు. డౌన్ అలా కాదు. బాతులకూ గూస్ పక్షులకూ పై ఈకల అడుగున పెరిగే ఈ మెత్తని నూగు, తడిసినప్పుడు ముద్దయినా, పూర్తిగా ఆరితే మళ్ళీ విచ్చుకుని గాలిని పట్టుకుంటుంది. కంఫర్టరు వెచ్చదనమంతా ఆ గాలిదే. నూనె, చెమట పట్టిన నూగు అంతగా విచ్చుకోదు కనుక ఉతికితే వెచ్చదనం కూడా పెరుగుతుంది. ఎండ వాసనను కొంత తగ్గించగలదే తప్ప, లోపలికి ఇంకిన నూనెను తీయలేదు.

ముందుగా లేబుల్ చదవండి. ఉతకవద్దని ఉంటే అక్కడితో ఆగిపోండి. ఉతకవచ్చని ఉంటే కుట్లన్నీ వేళ్ళతో తడిమి, ఎక్కడైనా ఊడి ఉంటే కుట్టేయండి, లేకపోతే మెషిన్ నిండా నూగే మిగులుతుంది. నూనె మరక ఉన్నచోట లోపలి నూగును చేత్తో పక్కకు నెట్టి, పై గుడ్డ ఒక్కదాన్నే పట్టుకుని, ఒక చుక్క గిన్నెలు తోమే ద్రవాన్ని వేలితో రాసి, తడిగుడ్డతో తుడవండి. ఇండియా ప్రయాణాలకు సామాను తూచే చేతి కాటా అందరి ఇళ్ళలోనూ ఉంటుంది కదా, కంఫర్టరును సంచిలో పెట్టి దానితో తూచి బరువు రాసిపెట్టుకోండి. దాని అవసరం తరువాత తెలుస్తుంది.

మధ్యలో స్తంభం ఉండే పాత రకం టాప్ లోడ్ మెషిన్‌లో కంఫర్టరును వేయకండి. ఆ స్తంభానికి చుట్టుకుంటే, నూగును విడివిడిగా పట్టి ఉంచే లోపలి గదుల కుట్లు తెగి, నూగంతా ఒక మూలకు చేరుతుంది. ఇంట్లో పెద్ద ఫ్రంట్ లోడ్ మెషిన్ లేకపోతే డబ్బు చెల్లించి పెద్ద మెషిన్లు వాడుకునే లాండ్రోమాట్‌కు తీసుకువెళ్ళడమే మంచిది. గోరువెచ్చని నీళ్ళు, సున్నితమైన సైకిల్, డౌన్ కోసం అమ్మే ద్రవం గానీ ఉన్ని బట్టలకు వాడే ద్రవం గానీ కొద్దిగా, అంతే చాలు. ఈకలు కూడా వెంట్రుకల్లాగే కెరాటిన్ అనే ప్రోటీన్ కాబట్టి బ్లీచ్ వాటిని తినేస్తుంది. ఫాబ్రిక్ సాఫ్టెనర్ పొరలా అంటుకుని నూగును విచ్చుకోనివ్వదు. సబ్బు మిగిలినా అదే జరుగుతుంది కనుక జాడింపు రెండుసార్లు పెట్టండి. దిండ్లను జంటగా వేస్తే మెషిన్ ఊగిపోదు. తడిసిన కంఫర్టరు చాలా బరువుగా ఉంటుంది. ఒక కొస పట్టి లాగకుండా రెండు చేతులతో అడుగునుంచి ఎత్తండి, మెలితిప్పి పిండకండి.

డౌన్ పాడయ్యేది ఎక్కువగా ఆ తరువాతే, అంటే ఆరబెట్టడంలో. పెద్ద డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద, రెండు మూడు శుభ్రమైన టెన్నిస్ బంతులు గానీ ఉన్ని బంతులు గానీ వేసి తిప్పాలి. మూడు నాలుగు గంటలు పట్టడం మామూలే. అరగంటకొకసారి బయటికి తీసి, ఉండకట్టిన నూగును వేళ్ళతో విడదీస్తూ దులపాలి. గంట గడిచేసరికి పై గుడ్డ వెచ్చగా, పొడిగా తగిలి, ఆరిపోయిందనిపిస్తుంది. అప్పుడు దాన్ని కిటికీ వెలుగుకు ఎదురుగా ఎత్తి పట్టుకుని చూడండి: ఒక్కో గదిలో ఉసిరికాయలంత నల్లని నీడలు కనిపిస్తాయి. అవి ఇంకా తడిగా ఉన్న ఉండలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే పక్షి వాసన కూడా వస్తుంది. ఆ స్థితిలో మడతపెట్టి అలమారలో పెడితే ముక్కిపోయిన వాసన పట్టి, చివరికి బూజు వస్తుంది, ఆ తరువాత దాన్ని బాగుచేయడం చాలా కష్టం. నీడలు పోయి, వాసన పోయి, కాటా మీద బరువు ఇంచుమించు ముందు రాసుకున్న అంకెకు వచ్చాకనే ఆరినట్టు లెక్క. ఆపైన ఒక రాత్రంతా మంచం మీద పరిచి ఉంచుతాను. ఎండ ఉంటే గంటో రెండు గంటలో బయట వేయవచ్చు, అది డ్రయ్యర్‌కు బదులు మాత్రం కాదు.

ఇంత శ్రమ తరచుగా పడనక్కరలేదు. కంఫర్టరుకు తొడుగు, దిండుకు గలీబు కింద జిప్పు ఉన్న మరో తొడుగు వేసి, వాటిని వారం పది రోజులకొకసారి ఉతుకుతూ ఉంటే, దిండ్లను ఏడాదికి ఒకటి రెండుసార్లు, కంఫర్టరును రెండు మూడేళ్ళకొకసారి ఉతికితే సరిపోతుంది. తలకు నూనె రాసుకుని పడుకునే రాత్రి దిండు మీద ఒక పాత తువ్వాలు వేయమని అత్తగారిని అడగండి; మా అమ్మ వచ్చినప్పుడు మేమూ అదే చేస్తాము, ఆవిడ ఏమీ అనుకోరు.

సోఫా కుషన్ల జిప్పు తీసి చూడండి. చాలావాటిలో మధ్యన ఫోమ్ ఉండి, చుట్టూ ఈకల పొర ఉంటుంది. ఫోమ్‌ను డ్రయ్యర్‌లో వేస్తే మంట అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి తొడుగును మాత్రమే ఉతకండి. లోపలిదాన్ని రోజూ దులిపి తిప్పి వేస్తే చాలు. ఈక మొన గుడ్డలోంచి పొడుచుకొస్తే బయటికి పీకకండి, ఆ రంధ్రంలోంచి ఇంకో ఈక వస్తుంది. వెనకవైపునుంచి చిటికెతో పట్టుకుని లోపలికే లాగి, రంధ్రాన్ని వేలితో రుద్దితే నేత మళ్ళీ దగ్గరపడుతుంది.

వేసవిలో దాచేటప్పుడు గాలి పీల్చేసే ప్లాస్టిక్ సంచులు వద్దు. నెలల తరబడి నలిగితే నూగు విరుగుతుంది, లోపల ఏ కాస్త చెమ్మ ఉన్నా బయటికి పోదు. పాత నూలు దుప్పట్లో వదులుగా చుట్టి, అలమార పై అరలో, పైన ఏ బరువూ పెట్టకుండా ఉంచండి. బేస్‌మెంట్‌లో మాత్రం పెట్టవద్దు.