పాత ఫిల్మ్ కెమెరాను బాగు చేయించాలా, వద్దా?

ప్రశ్న: మా మేనమామగారు వాడిన 1970ల నాటి 35 ఎం.ఎం. ఎస్‌ఎల్‌ఆర్ (లెన్స్ గుండానే దృశ్యాన్ని చూసి ఫొటో తీసే) కెమెరా ఈ మధ్య నా చేతికి వచ్చింది. ఇది పూర్తిగా మెకానికల్ రకం. ఒక రోలు వేసి చూస్తే ఫొటోల అంచుల్లో నారింజ రంగు చారలు వచ్చాయి. షట్టర్ వేగాన్ని ఒక సెకనుకు పెడితే మూడు నాలుగు సెకన్ల దాకా మూసుకోవడం లేదు, వెలుతురును కొలిచే లైట్ మీటర్ ముల్లు అసలు కదలడం లేదు. మెకానిక్‌ను అడిగితే, ఆయన చెప్పిన ఖర్చు అదే మోడల్ సెకండ్‌హ్యాండ్ కెమెరా ధర కంటే ఎక్కువగా ఉంది. దీన్ని బాగు చేయించడం మంచిదా, ఇంకొకటి కొనుక్కోవడం మేలా?

జవాబు: బాగు చేసిన కెమెరాకయ్యే ఖర్చును మీరు బాగు చేయని కెమెరా ధరతో పోలుస్తున్నారు. సెకండ్‌హ్యాండ్‌లో దొరికే ఆ రెండో కెమెరాకు కూడా మీ కెమెరా వయసే ఉంటుంది. దానిలోని గ్రీజు కూడా ఇన్నేళ్లుగా ఎండుతూనే ఉంది, వెలుతురు దూరకుండా దాని వెనుక తలుపు చుట్టూ అంటించిన ఫోమ్ కూడా పాడై ఉండే అవకాశమే ఎక్కువ. అమ్మేవారు ‘పనిచేస్తోంది’ అన్నారంటే, చాలాసార్లు మీట నొక్కితే షట్టర్ చప్పుడు వినిపిస్తోందని మాత్రమే అర్థం. కాబట్టి సర్వీసు చేసి, షట్టర్ వేగాలు కొలిచి, కొంతకాలం గ్యారంటీతో అమ్మే కెమెరా ధర ఎంతో కనుక్కొని, మెకానిక్ చెప్పిన మొత్తాన్ని దానితో పోల్చండి. అప్పుడు తేడా బాగా తగ్గిపోతుంది, ఒక్కోసారి లెక్క తారుమారు కూడా అవుతుంది.

ఇక మీరు చెప్పిన మూడు లోపాలూ ఒకే బరువు గలవి కావు. నారింజ చారలు వాటిలో అతి చిన్నవి. తలుపు సందుల్లోంచి దూరిన వెలుతురు ఫిల్మ్ వెనుక వైపు నుంచి పడుతుంది. కలర్ ఫిల్మ్‌లో ఎరుపును గ్రహించే పొర అటువైపే ఉంటుంది కనుక ఆ చారలకు ఆ రంగు వస్తుంది. నెగటివ్‌ను ఒకసారి పట్టి చూడండి. చార ఫ్రేమును దాటి పక్కనున్న రంధ్రాల దాకా పాకి ఉంటే తప్పు తలుపు ఫోముదే. ఫ్రేము లోపలే, ప్రతిసారీ ఒకేచోట మచ్చలా కనిపిస్తే మాత్రం షట్టర్ కర్టెన్‌కు (ఫిల్మ్ ముందు వెలుతురును ఆపే తెరకు) చిల్లి పడిందేమోనని అనుమానించాలి. ఫోమును ఓపిక ఉన్నవారు ఇంట్లోనే మార్చుకోవచ్చు. పాతది తారులా జిగురుగా మారి ఉంటుంది కాబట్టి, దాన్ని తుడిచేటప్పుడు ఆ జిగురుగాని ఆల్కహాల్‌గాని కర్టెన్ మీద పడకుండా చూసుకోవాలి.

అసలు నిర్ణయం షట్టర్ మీద ఆధారపడి ఉంది. ఇటువంటి కెమెరాల్లో నెమ్మది వేగాలప్పుడు మొదటి కర్టెన్ పూర్తిగా తెరుచుకున్న తరవాత, రెండో కర్టెన్‌ను ఒక చిన్న పళ్లచక్రాల వరస కాసేపు ఆపి ఉంచుతుంది. అక్కడి గ్రీజు గట్టిపడితే ఒక సెకను నాలుగు సెకన్లవుతుంది. పగటి ఫొటోలకు వాడే 1/125, 1/250 సెకను వేగాలకు ఈ చక్రాలతో పని లేదు కదా అని మీకు అనిపించవచ్చు. నిజమే, కాని అక్కడ ఎండిన గ్రీజు కర్టెన్లను నడిపే రోలర్ల దగ్గర మాత్రం మెత్తగా ఉండి ఉంటుందని నమ్మలేము. అందువల్ల 1/1000 వేగంలో మేఘాలు లేని ఆకాశాన్ని నాలుగైదు ఫ్రేములు తీయండి. ఫ్రేములో ఒక పక్క నల్లబడితే కర్టెన్లు సమంగా పరుగెత్తడం లేదని తెలుస్తుంది. నెమ్మది వేగాలను ఫోన్‌తోనే కొలవవచ్చు: ఫిల్మ్ లేకుండా వెనుక తలుపు తెరిచి, సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్‌లో షట్టర్‌ను చిత్రించి, అది తెరిచి ఉన్న ఫ్రేములను లెక్కపెట్టండి. పది ఇరవై సార్లు నొక్కాక వేగం కాస్త కుదుటపడినట్లు కనిపిస్తే సంబరపడకండి, కొన్నాళ్లు పక్కన పెడితే మళ్లీ మొదటికి వస్తుంది. లోపల నూనె చుక్కలు వేయడం మాత్రం వద్దు. అది పాకకూడని చోటికల్లా పాకుతుంది.

లైట్ మీటర్ గురించి నేనైతే పెద్దగా బెంగపడను. బ్యాటరీ గదిలో పచ్చగానో తెల్లగానో తుప్పు ఉంటే వెనిగర్‌లో తడిపిన దూదితో తుడిచి, కొత్త సెల్ వేసి చూడండి. ఒలింపస్ ఓఎం-1 వంటి కెమెరాలను 1.35 వోల్టుల మెర్క్యురీ సెల్‌కు తగినట్లు తయారు చేశారు. ఆ సెల్‌లు ఇప్పుడు తయారు కావడం లేదు, 1.5 వోల్టుల సెల్ వేస్తే మీటర్ తప్పు చెప్పవచ్చు. 1976లో వచ్చిన పెంటాక్స్ కె1000కు ఆ చిక్కు లేదు. మీటర్ ఎప్పటికీ కదలకపోయినా, మీది మెకానికల్ కెమెరా కనుక షట్టర్‌కు బ్యాటరీ అవసరం లేదు. ఫోన్‌లోని లైట్ మీటర్ యాప్ చాలు. మంచి ఎండలో లెన్స్ అపెర్చర్‌ను (వెలుతురు వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/16 దగ్గర పెట్టి, ఐఎస్‌ఓ (ఫిల్మ్ వెలుతురును గ్రహించే శక్తిని తెలిపే అంకె) 100 ఫిల్మ్‌కు 1/125, ఐఎస్‌ఓ 400 ఫిల్మ్‌కు 1/500 వేగం వాడితే యాప్ కూడా అక్కరలేదు.

నా సలహా ఏమిటంటే, కర్టెన్లు చిరగకుండా ఉండి, లెన్స్‌లో ఫంగస్ లేకపోతే, ఏడాదిలో కొన్ని రోళ్లయినా తీస్తానన్న నమ్మకం మీకుంటే, మీటర్‌ను వదిలేసి షట్టర్, ఫోముల వరకే బాగు చేయించండి. మెకానిక్ చెప్పిన మొత్తంలో మీటర్ భాగమెంతో విడిగా అడగండి. పనికి ముందూ తరవాతా కొలిచిన షట్టర్ వేగాలను కాగితం మీద రాసి ఇవ్వమనండి. అలా ఇవ్వడానికి ఇష్టపడని వారికి కెమెరా అప్పగించకపోవడమే మంచిది. ఏడాదికి ఒక్క రోలు కూడా తీయరనుకుంటే ఫోము ఒక్కటీ మార్చి, పరీక్షలో నిలిచిన వేగాలతో పగటి వెలుతురులో వాడుకోండి. మేనమామగారి జ్ఞాపకంగా అలమరలో పెట్టుకోవడానికే అయితే ఆ ఖర్చూ అక్కరలేదు.

ప్రశ్న: నాది ఎలక్ట్రానిక్ షట్టర్ ఉన్న పాత ఎస్‌ఎల్‌ఆర్. కొత్త బ్యాటరీ వేసినా మీట పనిచేయడం లేదు. ఇదే సలహా నాకూ వర్తిస్తుందా?

జవాబు: వర్తించదు. 1976 నాటి కానన్ ఏఈ-1 వంటి కెమెరాల్లో బ్యాటరీ లేనిదే షట్టర్ కదలదు. ముందు బ్యాటరీ తగిలే లోహపు పలకలను శుభ్రం చేయండి. నికాన్ ఎఫ్‌ఈ లాగా బ్యాటరీ లేకున్నా పనిచేసే ఒక మెకానికల్ వేగం మీ కెమెరాలో ఉంటే, దానితో నొక్కి చూడండి. ఆ వేగంలో షట్టర్ కదిలితే యంత్ర భాగం బాగానే ఉందనీ, లోపం సర్క్యూట్ వైపు ఉందనీ అనుకోవచ్చు. పాత సర్క్యూట్లకు కొత్త విడిభాగాలు దొరకవు. అదే మోడల్ మరో కెమెరాను విప్పి తీసుకోవలసిందే. అందుకని మీ విషయంలో పనిచేసే మరో కెమెరా కొనడమే మేలు. ఇప్పుడున్నదాన్ని విడిభాగాల కోసం మెకానిక్‌కు అమ్మవచ్చు, లెన్స్‌ను మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.