స్పర్శ తెలియని అరికాలికి రాత్రిపూట మంట ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. 14 ఏళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. మొన్న మిట్టమధ్యాహ్నం గుడిలో ఎండకు కాలిన బండల మీద ప్రదక్షిణలు చేశారు. ఇంటికొచ్చాక చూస్తే రెండు అరికాళ్లకూ బొబ్బలు లేచి ఉన్నాయి, ఆయనకు మాత్రం ఏమీ తెలియలేదు. అయితే రాత్రయితే అవే కాళ్లు భగభగ మండుతున్నాయంటారు. స్పర్శే లేనప్పుడు మంట ఎలా వస్తుంది? నరాల బలానికి ఇంజెక్షన్లు చేయించమంటున్నారు, చేయించాలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సలహా: మీరు చెప్పిన లక్షణాలన్నీ షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నప్పుడు, అంటే డయాబెటిక్ న్యూరోపతిలో, కనిపించేవే. ఆరోగ్యవంతుడు కాలే బండ మీద అడుగు పెడితే, చర్మంలోని సన్నని నాడీ కొసలు దాదాపు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిని పసిగట్టి విద్యుత్ సంకేతాలు పంపుతాయి. (ఆ కొసల్లో వేడిని పసిగట్టేది ఒక గ్రాహకం, అంటే రిసెప్టర్. మిరపకాయ ఘాటు నోటికి మంటగా తోచేది కూడా ఈ గ్రాహకం వల్లే. దీన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి లభించింది.) ఆ సంకేతం వెన్నుపాముకు చేరగానే, మెదడు నిర్ణయం కోసం ఆగకుండా, అక్కడి నుంచే తొడ, పిక్క కండరాలకు ఆదేశం వెళ్లి కాలు పైకి లేస్తుంది. అదే క్షణంలో శరీరం బరువు మోసేందుకు రెండో కాలు బిగుసుకుంటుంది. బడిలో చదువుకున్న అసంకల్పిత ప్రతీకార చర్య ఇదే. 'అమ్మో, కాలింది' అన్న స్పృహ కలిగేది ఆ తర్వాతే. చురుక్కుమనే తొలి నొప్పిని మోసే నాడీ తంతువులు సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో పనిచేస్తే, తర్వాత వచ్చే మంటను మోసేవి సెకనుకు 2 మీటర్లైనా దాటవు.

మీ నాన్నగారి విషయంలో ఈ వలయం మొదట్లోనే తెగింది. కాలి బొటనవేలి స్పర్శను మోసే నాడీకణం నడుము దగ్గర వెన్నుపాము పక్కన ఉంటుంది, దాని తంతువు ఇంచుమించు మీటరు పొడవు. అంత దూరం పోషణ అందాలి కాబట్టి, ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నప్పుడు అన్నిటికన్నా పొడవైన తంతువులే ముందు చెడిపోతాయి. అందుకే మొద్దుబారడం కాలివేళ్లతో మొదలై పైకి పాకుతుంది. కొసలు చచ్చిపోయిన చోట వేడి తెలియదు. సగం దెబ్బతిన్న తంతువులు మాత్రం ఏ వేడీ తగలకుండానే తమంతట తాము సంకేతాలు పంపుతుంటాయి, మెదడు వాటిని అరికాలి మంటగానే చదువుకుంటుంది. కాబట్టి స్పర్శ పోవడం, మంట పుట్టడం రెండూ ఒకే జబ్బు లక్షణాలు. పగలు పనుల ధ్యాసలో మరుగున పడే మంట రాత్రి పడుకున్నాక స్పష్టంగా తెలుస్తుంది.

ఇక ఇంజెక్షన్ల సంగతి. నరాల బలానికని చేసేవి సాధారణంగా విటమిన్ బి12 ఇంజెక్షన్లే. మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడేవారిలో విటమిన్ బి12 తగ్గవచ్చు, ఆ లోపమూ ఇవే తిమ్మిర్లను తెస్తుంది. అందువల్ల ముందు బి12 పరీక్ష చేయించండి. తక్కువగా ఉంటే ఇంజెక్షన్లు అవసరమే, సరిపడా ఉంటే వాటితో ఒరిగేదేమీ లేదు. పరీక్ష లేకుండా వారం వారం పొడిపించుకోవడం నాకు సమ్మతం కాదు. మెట్‌ఫార్మిన్‌ను మాత్రం సొంతంగా ఆపవద్దు. హెచ్‌బీఏ1సీతో (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చెప్పే రక్తపరీక్షతో) పాటు, సన్నని నైలాన్ తీగతోనూ ట్యూనింగ్ ఫోర్క్‌తోనూ పాదాల స్పర్శను పరీక్షించమని మీ డాక్టర్‌ను అడగండి. మంటకు ప్రీగాబలిన్, డులాక్సెటిన్ వంటి మందులు ఉన్నాయి, కానీ అవి బాధను తగ్గిస్తాయే తప్ప పోయిన స్పర్శను తిరిగి తేవు.

అన్నిటికన్నా ముందు ఆ బొబ్బల సంగతి చూడాలి. వాటిని చిదపకండి, టూత్‌పేస్టు, పసుపు లాంటివి పూయకండి. శుభ్రమైన పొడి గాజుగుడ్డ కప్పి, ఆ కాళ్ల మీద బరువు పడకుండా చూసి, నేడో రేపో సర్జన్‌కు చూపించండి. నొప్పి లేదు కదా అని ఆయన నడుస్తూనే ఉంటారు, పుండు పడేది అలాగే. మంటకు ఉపశమనమని చాలా ఇళ్లలో వేడి ఉప్పునీళ్లలో కాళ్లు పెడతారు, ఆయనకు అది బండల మీది నడకంత ప్రమాదం. స్నానపు నీళ్ల వేడిని కూడా ఇంట్లో మరొకరు చూడాలి. ఇంట్లోనూ చెప్పులు వేసుకోవాలి. రోజూ రాత్రి వేళ్ల సందులతో సహా పాదాలను మీరే వెలుతురులో పరిశీలించండి. గుడికి ఉదయం పూట, బండలు చల్లగా ఉన్నప్పుడు తీసుకువెళ్లండి. చుట్టూ ఎరుపు పాకినా, చీము లేదా దుర్వాసన వచ్చినా, చర్మం నల్లబడినా, జ్వరం వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.