మావారు రైలు గదిలోంచి బయటికి రావడం లేదు

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. నాకు 58 ఏళ్ళు, మావారికి 62. ఆయన స్టేషన్ మాస్టరుగా చేసి రెండేళ్ళ క్రితం రిటైరయ్యారు. అప్పటినుంచి కింది గదిలో ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న బల్ల వేసి, దాని మీద చిన్న రైలుస్టేషను, కొండలు, అడవి కడుతున్నారు. మేము కొత్తగా కాపురం పెట్టిన దిగువమెట్ట స్టేషను చేస్తున్నానంటారు. పొద్దున్నే టిఫిను తిని లోపలికి వెళితే భోజనానికి పిలిచేదాకా బయటికి రారు. వాడేసిన టీ పొడి కూడా పారబోయనివ్వరు, ఎండబెట్టి పట్టాల పక్కన మట్టిగా చల్లుతారు. రిటైరయినప్పుడు వచ్చిన డబ్బులోంచి ఇప్పటికి నాలుగు లక్షల దాకా దీనికే పెట్టారని మా అబ్బాయి లెక్క తేల్చాడు. ఈ వయసులో బొమ్మరైళ్ళేమిటని వాడు నా దగ్గర గోల పెడతాడు, నాన్నతో మాత్రం అనడు. అమ్మాయికి ఇప్పుడు నాలుగో నెల. ఏడో నెలలో పురిటికి తీసుకురావాలి. దానికి ఇవ్వదగిన గది ఇంట్లో అదొక్కటే. ఆ మాట ఎత్తితే ‘చూద్దాంలే’ అంటారు. ఆయన డ్యూటీలో ఉన్నప్పుడే నయమనిపిస్తోంది. ఆ బల్ల తీయించడానికి నేనేం చేయాలి?

సలహా: అమ్మా, మీరు అడిగింది బల్ల తీయించే మార్గం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం ‘ఆయన డ్యూటీలో ఉన్నప్పుడే నయం’ అన్న వాక్యం. స్టేషన్ మాస్టరు భార్యగా మీరు రాత్రి డ్యూటీలు చూశారు, బదిలీలు చూశారు, పిల్లలకు జ్వరం వచ్చినా ఇంటికి చుట్టాలు వచ్చినా ఒక్కరే సమాళించుకున్నారు. అన్నేళ్ళూ ‘రిటైరయ్యాక ఇద్దరం తీరిగ్గా ఉంటాం’ అన్న ఆశ ఒకటి మిమ్మల్ని నడిపించి ఉంటుంది. అప్పట్లో ఆయన ఇంట్లో లేకపోవడానికి ఉద్యోగమనే కారణం ఉండేది. ఇప్పుడు ఆయన పక్కగదిలోనే ఉండి మీకు దొరకడం లేదు, దానికి మీరు ఎవరికీ చెప్పుకోగల కారణం కూడా లేదు. మీ బాధ న్యాయమైనదని ముందుగా మీకు మీరు ఒప్పుకోండి. ఆ బాధకు బల్ల గుర్తుగా కనిపిస్తోంది కాబట్టి బల్ల పోతే బాధ పోతుందని అనిపించడం సహజమే. కానీ బల్ల తీయించినంత మాత్రాన ఆయన వచ్చి మీ పక్కన కూర్చుంటారన్న నమ్మకం నాకు లేదు. ఖాళీ గదిలో అలిగి కూర్చునే మనిషితో కాపురం ఇంకా కష్టం.

అందుకని ఇక్కడ కలిసిపోయి ఉన్న గది, డబ్బు, సమయం అనే మూడింటినీ విడదీసి చూడాలి. మీ ఇంట్లో మూడింటినీ కలిపి ‘ఆ రైలు’ అంటున్నారు. ఆయనకు అది తన మీద దాడిలా వినిపించి ‘చూద్దాంలే’ అని తప్పించుకుంటున్నారు.

గది విషయంలో మీరు మొహమాటపడవలసిన పని లేదు. అమ్మాయి కాన్పు వాయిదా వేసుకోగలిగినది కాదు, కాబట్టి ఆ గది ఏడో నెలకు ఖాళీ కావలసిందే. దీనికి ఆరోగ్యపరమైన కారణం కూడా ఉంది. దాన్ని నిందలా వినిపించకుండా, విషయంగా ఆయనకు చెప్పండి. పట్టాలకు తీగలు అతికించే టంకంలో సాధారణంగా సీసం ఉంటుంది. సీసం గర్భిణులకూ పసిపిల్లలకూ హాని చేస్తుంది. అది చేతుల మీద, బల్ల మీద, నేల మీద మిగిలిపోతుంది. వేడి తీగతో థర్మాకోల్ కోసినప్పుడు వచ్చే పొగ, స్ప్రే రంగుల వాసన, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ దుమ్ము కూడా మూసిన గదిలో మంచివి కావు. చిన్న నమూనాల్లో వాడే అయస్కాంతాలు పాకే వయసు బిడ్డ నోట్లోకి వెళితే ప్రాణం మీదికి వస్తుంది, ఎందుకంటే రెండు మింగితే పేగుల్లో అవి ఒకదాన్నొకటి లాక్కుని పేగునే నొక్కేస్తాయి. ఉద్యోగమంతా భద్రతా నియమాల మధ్య గడిపిన మనిషికి ఈ మాటలు మీకంటే త్వరగా అర్థమవుతాయి.

అయితే బల్ల ఎక్కడికి వెళ్ళాలన్నది కూడా మీరే ఆలోచించి పెట్టుకుంటే మాట తెగుతుంది. మేడ మీద రేకుల గది ఏదైనా ఉంటే దాంట్లోకి పంపాలని అనుకోకండి. మన విజయవాడ మే నెల ఎండకు రేకుల కింద ప్లైవుడ్ వంకర తిరుగుతుంది, పట్టాలు సాగి కీళ్ళ దగ్గర లేస్తాయి, అన్నింటికంటే ముందు అరవై రెండేళ్ళ మనిషి వడదెబ్బ తింటారు. ఈ పని తెలిసినవాళ్ళు స్థలం లేనప్పుడు ఇంకో పద్ధతి పాటిస్తారు. ఒకే పెద్ద బల్ల బదులు నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న ముక్కలుగా కట్టి, వాటిని బోల్టులతో కలిపి, తీగలను ప్లగ్గులతో తగిలిస్తారు. అవసరమైనప్పుడు విడదీసి గోడకు ఆనించి, గుడ్డ కప్పి పెట్టవచ్చు. హాల్లో ఒక గోడ పొడవునా ఎత్తు తక్కువగా ఉన్న అల్మారాల మీద అది ఒదిగిపోతుంది. రైలు గుండ్రంగా తిరగాలంటే వెడల్పాటి బల్ల కావాలి గానీ, ఒక స్టేషను దృశ్యానికి అక్కర్లేదు. ఒకవైపునుంచి బండి వచ్చి, ఆగి, ప్రధాన పట్టా పక్కనుండే లూప్ లైనులో ఎదురుబండిని తప్పించి, రెండోవైపు ఒక తెర వెనక్కి వెళ్ళి ఆగితే చాలు. స్టేషన్ మాస్టరుగా ఆయన చేసిన పని కూడా సరిగ్గా అదే.

చిన్నది చేయమంటే తన పనిని తక్కువ చేశారని ఆయన నొచ్చుకోవచ్చు. అప్పుడు ఆయన భాషలోనే చెప్పవలసిన లెక్క ఒకటి ఉంది. బొమ్మరైళ్ళకు చాలామంది వాడే హెచ్‌ఓ అనే కొలత (స్కేలు) అసలులో 87వ వంతు. నిజంగా 300 మీటర్లున్న ప్లాట్‌ఫారాన్ని ఆ స్కేలులో కడితే దాదాపు మూడున్నర మీటర్లవుతుంది, అంటే ఇప్పుడున్న ఎనిమిదడుగుల బల్ల మీద కూడా పట్టదు. ఈ విద్యలో చేయి తిరిగినవాళ్ళంతా దూరాలను కుదించి, చూసేవాళ్ళకు స్టేషనును స్టేషనుగా గుర్తుపట్టించే నాలుగైదు వస్తువుల మీదనే శ్రద్ధ పెడతారు. పైగా గోడ పక్కన వేసిన బల్ల రెండున్నర అడుగుల కంటే వెడల్పుంటే వెనక అంచుదాకా చెయ్యి అందదు. పట్టాలు తుడవడానికి, పడిపోయిన డబ్బా లేపడానికి రోజూ వంగవలసి వస్తుంది. ఆ వయసు నడుముకు అది మంచిది కాదు.

ఇక డబ్బు. మీ అబ్బాయి లెక్క సరైనదో కాదో నేను చెప్పలేను గానీ, ఆ లెక్క వాడు మీకు చెప్పడం, మీరు లోలోపల మోయడం సరైన దారి కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు రిటైరయ్యేటప్పుడు పెన్షనులో 40 శాతం దాకా కమ్యూట్ చేసి, అంటే ఆ భాగాన్ని ముందే మొత్తంగా మార్చుకుని, ఒకేసారి తీసుకోవచ్చు. అలా తీసుకుంటే ఆ భాగం 15 ఏళ్ళు నెలనెలా తగ్గి వస్తుంది. మీవారు కమ్యూట్ చేసి ఉంటే, చేతికొచ్చిన మొత్తంలో కొంత అసలు మీ ఇద్దరి రాబోయే నెలల ఖర్చే. ఈ సంగతి ఆయనకు తెలియనిది కాదు, కానీ మీకు తెలుసని ఆయనకు తెలియాలి. మిగిలిన డబ్బులో ఎంత సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో ఉందో అడగండి. దాంట్లో 30 లక్షల దాకా పెట్టవచ్చు, వడ్డీ మూడు నెలలకోసారి వస్తుంది, భార్యాభర్తలు కలిసి ఖాతా తెరవవచ్చు. పెన్షను కాగితాలు, నామినీ వివరాలు ఎక్కడున్నాయో ఈ సందర్భంలోనే మీరు కూడా చూసి పెట్టుకోండి. రైలుకు ఇకమీదట పెన్షనులోంచి నెలకింత అని ఇద్దరూ కూర్చుని ఒక మొత్తం అనుకోండి. అంతే మొత్తం మీ పేర కూడా పక్కన పెట్టించుకోండి, దాన్ని దేనికి వాడతారన్నది మీ ఇష్టం. ఈ రెండో భాగాన్ని మీరు మొహమాటంతో వదిలేస్తారని నా అనుమానం, దయచేసి వదలకండి.

ఖర్చు అంతగా పెరగడానికి ఈ అభిరుచిలోనే ఒక కారణం ఉంది. దిగువమెట్ట మీదుగా వెళ్ళే గుంటూరు–గుంతకల్లు మార్గం 1990లలో బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల మార్గం) అయింది. మీరు కాపురం పెట్టిన కాలంలో అక్కడ ఉన్నది పట్టాల మధ్య మీటరు వెడల్పే ఉండే మీటర్‌గేజ్. మీటరు వెడల్పును 87తో భాగిస్తే పదకొండున్నర మిల్లీమీటర్లు వస్తుంది, దానికి విదేశాల్లో 12 మిల్లీమీటర్ల పట్టా దొరుకుతుంది. మామూలు హెచ్‌ఓ పట్టా 16.5 మిల్లీమీటర్లు. మన మీటర్‌గేజ్ ఇంజన్లు, పెట్టెలు తయారుగా అంగడిలో దొరికేవి కావు కాబట్టి ఆయన బయటిదేశపు వాటిని కొని, సుంకం కట్టి, మార్చుకుంటూ ఉండి ఉంటారు. మోటారూ చక్రాలూ ఉన్న అడుగుభాగం మాత్రమే కొని, పైభాగమంతా అట్టతో, చెక్కతో ఇంట్లోనే చేసుకునేవాళ్ళు ఉన్నారు. మీ ఊరి పక్కనే కొండపల్లి ఉంది. అక్కడి తెల్లపొణికి చెక్క తేలికగా ఉండి కత్తికి సులువుగా తెగుతుంది. రంపపు పొట్టూ చింతగింజల పిండీ కలిపిన మక్కుతో అక్కడివాళ్ళు బొమ్మల భాగాలను అతుకుతారు. స్టేషను గదీ పెట్టెలూ ఆ చెక్కతో చేయడం గురించి ఒకసారి ఆయన్ని తీసుకువెళ్ళి ఆ పనివాళ్ళతో మాట్లాడించండి. లేదా ఆయన్నే మిమ్మల్ని తీసుకువెళ్ళమనండి. టీ పొడితో మట్టి వేయగలిగిన మనిషికి ఈ దారి నచ్చుతుందనే అనుకుంటున్నాను.

సమయం గురించి చెప్పడం వీటన్నిటికంటే కష్టం. మీ ఉత్తరంలో ఒక సంగతిని మీరు పక్కమాటగా రాసి వదిలేశారు. ఆయన ఎంచుకున్నది తాను చివరిగా పనిచేసిన పెద్ద స్టేషనును కాదు, మీ ఇద్దరూ కొత్తగా కాపురం పెట్టిన దిగువమెట్టను. నల్లమల అడవి అంచున ఉన్న ఆ చిన్న స్టేషనులో పట్టాలు, పాయింట్లు, సిగ్నళ్ళు ఎక్కడున్నాయో ఆయనకు కళ్ళు మూసుకున్నా తెలుసు. క్వార్టర్స్ పెరట్లో ఏ చెట్టుండేదో, నీళ్ళు ఎక్కడినుంచి తెచ్చుకునేవారో, బట్టల తీగ ఏ గుంజకు కట్టేవారో, పొయ్యిలోకి పుల్లలు ఎవరు తెచ్చేవారో మీకు తెలిసినంతగా ఆయనకు తెలియదు, ఎందుకంటే ఆ గంటల్లో ఆయన డ్యూటీలో ఉన్నారు. ఆ బల్ల మీద మీ ఇల్లు ఉందో లేదో మీరు ఎప్పుడైనా వెళ్ళి చూశారా? చూడకపోతే ఒకసారి చూడండి. తప్పుంటే తప్పని చెప్పండి. మీరు ఆయనకు పనిమనిషిగా చెట్లకు రంగులేయాలని నేను అనడం లేదు. ఆ ఆసక్తి మీకు లేకపోతే లేదు, అందులో తప్పేమీ లేదు. ఆ స్టేషనులో సగం మీ జీవితం కూడా ఉందని ఆయన గ్రహించాలి, అది మీ నోటిమీదుగా వినాలి.

దాంతోపాటు మీకు కావలసినది ఏమిటో సూటిగా అడగండి. ‘మీరు నన్ను పట్టించుకోవడం లేదు’ అన్న మాటకు ఏ మనిషైనా వాదానికి దిగుతాడు. ‘సాయంత్రం అయిదునుంచి మనిద్దరం కాలవగట్టు మీద నడుద్దాం, ఆ వేళకు మీరు గదిలో ఉండకూడదు’ అంటే అవునో కాదో చెప్పక తప్పదు. కాశీకో తిరుపతికో వెళ్ళాలని మీరు ఏళ్ళుగా అనుకుంటూ ఉంటే, తేదీ చెప్పి టికెట్లు తీయమనండి. ఈ పనిలో ఆయనకు సాటి ఇంకెవరుంటారు!

ఆయన అభిరుచిని మాత్రం మీరు గానీ అబ్బాయి గానీ చిన్నచూపు చూడకండి. రిటైరయిన మొదటి ఏళ్ళలో చేతిలో పని లేక కుంగిపోయేవాళ్ళను నేను తరచుగా చూస్తుంటాను. కంటికీ చేతికీ బుర్రకూ కలిపి పని చెప్పే వ్యాపకం ఆయనకు దొరికింది. జర్మనీలో, ఇంగ్లండులో, జపానులో పెద్ద వయసువాళ్ళు దీన్ని గౌరవంగా చేస్తారు. మీ ఉత్తరంలో ఆయన వేళకు తింటున్నారనే రాశారు. నిద్ర చెడిపోవడం, తిండి మానేయడం, స్నానం వాయిదా వేయడం, ఆ రైలు మీద కూడా ఆసక్తి పోయి ఊరికే గదిలో కూర్చుని ఉండడం లాంటివి రెండు వారాలకు మించి కనిపిస్తే మాత్రం, అది అభిరుచి సంగతి కాదు. అప్పుడు రైల్వే ఆసుపత్రిలో గానీ బయట గానీ మానసిక వైద్యునికి చూపించండి.

అబ్బాయికి ఒకే మాట చెప్పండి: నాన్నతో చెప్పాల్సింది నాన్నతోనే చెప్పమనండి, మీ ద్వారా పంపవద్దనండి. ఈ మాటలన్నీ ఒకేరోజు ఎత్తకండి. గదికి గడువుంది కాబట్టి ముందు దాని గురించే, ఆయన పనిలో లేని వేళ చూసి మాట్లాడండి. అమ్మాయి వచ్చే తేదీని క్యాలెండరు మీద ఆయన చేతనే గుర్తు పెట్టించి, దానికి నెల ముందు బల్ల ముక్కలయ్యేలా ఒప్పుకోలు తీసుకోండి. డబ్బు సంగతి ఆ తరవాతి వారం మాట్లాడవచ్చు. సాయంత్రపు నడక మాత్రం దేనికోసమూ ఆపకుండా రేపటినుంచే మొదలుపెట్టండి.