సామాజిక మనోవిజ్ఞానంలో పీజీకి వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులతో రాయునది.

సామాజిక మనోవిజ్ఞాన శాస్త్రంలో పీజీ చేయాలని నిర్ణయించుకున్నావని తెలిసి సంతోషించాను. చాలాకాలం ఈ శాస్త్రాన్ని బోధించినవాణ్ణి కనుక, తరగతులు మొదలయ్యే లోపే ఒక విషయం నీ చెవిన వేయాలనిపించింది. డిగ్రీలో నీవు చదివినవి చాలావరకు ప్రయోగాల గురించిన కథలు. ఇకపై చదవవలసినవి ఆ ప్రయోగాలే. మొదటి ఏడాది తడబడే విద్యార్థుల్లో ఎక్కువమంది ఈ తేడాను ఆలస్యంగా గుర్తించినవారే.

సాల్మన్ యాష్ 1950ల తొలినాళ్లలో చేసిన గీతల ప్రయోగాన్నే తీసుకో. గదిలోని మిగతావారందరూ ముందే కూడబలుక్కుని తప్పు సమాధానం చెబుతుంటే, కళ్లెదుట స్పష్టంగా కనిపిస్తున్న గీత పొడవు విషయంలో సైతం మనిషి గుంపు మాటకే తలూపుతాడని నీకు నేర్పి ఉంటారు. మూల పత్రాలు తెరిచి చూస్తే, గుంపు తప్పు చెప్పిన సందర్భాలలో దానికి లొంగిన సమాధానాలు సుమారు మూడో వంతేనని, మిగిలినవన్నీ సరైనవేనని, పాల్గొన్నవారిలో దాదాపు నాలుగో వంతు మంది ఒక్కసారి కూడా లొంగలేదని తెలుస్తుంది. సరైన జవాబు చెప్పే తోడు ఒక్కరు దొరికినా ఆ ఒత్తిడి బాగా సడలిపోయిందని కూడా ఆయనే చూపించాడు. ఎదురు నిలిచినవారు ఎలా నిలవగలిగారన్నది యాష్‌కు తక్కువ ముఖ్యమైన ప్రశ్న కాదు. కాలక్రమంలో పాఠ్యపుస్తకాలు లొంగినవారిని మాత్రమే మిగుల్చుకున్నాయి.

స్టాన్లీ మిల్‌గ్రామ్ విషయమూ అంతే. ఎదుటివ్యక్తి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా విద్యుత్ షాక్ (నిజానికి ఉత్తుత్తిది) పెంచుతూ ఇవ్వమని ఆదేశిస్తే మనుషులు ఎంతదాకా వెళ్తారని ఆయన పరీక్షించాడు. నలభై మందిలో 26 మంది, అంటే 65 శాతం, 450 వోల్టుల మీట దాకా వెళ్లారన్నది ఒకానొక ఏర్పాటులో వచ్చిన ఫలితం. ఆదేశాలిచ్చే వ్యక్తి గదిలో ఉండక ఫోన్‌లో మాట్లాడినప్పుడు చివరిదాకా వెళ్లినవారు సుమారు ఐదో వంతుకు పడిపోయారు. కాబట్టి ఏ ఫలితాన్ని చదివినా, పరిస్థితిలో ఏది మారిస్తే ఆ అంకె మారుతుందని ముందుగా అడగడం అలవాటు చేసుకో.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ శాస్త్రం కొన్నేళ్ల క్రితం తన సొంత పునాదులను తవ్వి చూసుకోవలసి వచ్చింది. మనోవిజ్ఞానంలో ప్రచురితమైన 100 అధ్యయనాలను తిరిగి చేసిన ఒక ఉమ్మడి బృందం 2015లో తన ఫలితాలను వెల్లడించింది: మూల అధ్యయనాల్లో 97 శాతం గణాంకపరంగా సార్థకమైన, అంటే కేవలం యాదృచ్ఛికమని సులువుగా కొట్టిపారేయలేని ఫలితాలు చూపగా, తిరిగి చేసినప్పుడు 36 శాతం మాత్రమే చూపాయి. అందులోనూ సామాజిక మనోవిజ్ఞాన విభాగం పరిస్థితి సగటు కంటే అధ్వానం. ఇదంతా మోసం వల్ల జరిగిందనుకోకు. డచ్ సామాజిక మనోవిజ్ఞానవేత్త డీడరిక్ స్టాపెల్ వంటివారు దత్తాంశాలనే కల్పించిన మాట నిజమే, అది 2011లో బయటపడింది కూడా. కానీ నష్టంలో పెద్ద భాగం నిజాయితీపరులు చేసినదే. తక్కువ మందిపై అధ్యయనం చేయడం, దత్తాంశం చేతికొచ్చాక విశ్లేషణను ఎంచుకోవడం, కుదరని ఫలితాలను అరలో పెట్టేయడం అనే మూడు అలవాట్లు అప్పట్లో ఎవరికీ తప్పుగా తోచలేదు.

అందువల్ల గణాంక శాస్త్రాన్ని గండంగా చూడకు. రెండు సమూహాలను పోల్చేటప్పుడు మధ్యస్థ ప్రభావాన్ని, అంటే సమూహాల మధ్య తేడా ఎంత పెద్దదో చెప్పే కోహెన్ కొలమానంలో 0.5ను, 80 శాతం అవకాశంతో పట్టుకోవాలంటే ఒక్కో సమూహానికి సుమారు 64 మంది కావాలి, 0.2 అంతటి చిన్న ప్రభావమైతే దాదాపు 393 మంది కావాలి. ఈ లెక్క ఒకసారి స్వయంగా చేశాక, ఇరవై మందితో సరిపెట్టిన పత్రం కనిపిస్తే నీ చెయ్యి దానంతట అదే ఆగుతుంది. గణాంక విశ్లేషణకు వాడే ఆర్ (R) సాఫ్ట్‌వేర్ నేర్చుకో. పరికల్పననూ విశ్లేషణ పద్ధతినీ దత్తాంశ సేకరణకు ముందే నమోదు చేసే పద్ధతిని డిసర్టేషన్ నుంచే పాటించు.

కొలత గురించి మరొక మాట. రిచర్డ్ లాపియర్ 1930లలో ఒక చైనీయ దంపతులతో కలిసి అమెరికాలో ప్రయాణించి, 251 హోటళ్లకూ భోజనశాలలకూ వెళ్తే ఒక్కచోట మాత్రమే నిరాకరణ ఎదురైంది. తరువాత ఉత్తరాలు రాసి అడిగితే, బదులిచ్చినవారిలో తొంభై శాతానికి పైగా చైనీయులను రానివ్వబోమన్నారు. మాటకూ చేతకూ పొంతన లేదని దీన్ని ఉదాహరిస్తారు. అయితే ఉత్తరానికి జవాబు రాసినవారూ, ఎదుటి మనుషులను చూసి గది ఇచ్చినవారూ ఒకరే కాకపోవచ్చు. పైగా లాపియర్ చాలాచోట్ల వారి వెంటే ఉన్నాడు. ఈ పత్రాన్ని ముందుంచుకుని, ఆ అధ్యయనాన్ని నీవైతే ఎలా రూపొందిస్తావో రాసి చూడు. సిద్ధాంతాలు బట్టీ పట్టడం కన్నా ఇది ఎక్కువ ఉపయోగం.

పరిశోధన విషయాన్ని పరిశోధన పత్రికల్లో ఇంకా ఎవరూ ముట్టని అంశాల కోసం వెతికి ఎంచుకునే ధోరణి ఒకటుంది; అది నాకు నచ్చదు. లియాన్ ఫెస్టింజర్ 1957లో ప్రకటించిన కాగ్నిటివ్ డిసోనెన్స్ సిద్ధాంతానికి (తమ ఆలోచనల మధ్య పొంతన కుదరనప్పుడు మనుషులు దాన్ని ఎలాగోలా సర్దుకోవాలని చూస్తారన్నది దాని సారం) ఒక ప్రేరణ, 1934 నాటి బిహార్ భూకంపం తరువాతి వదంతులపై జమునా ప్రసాద్ సేకరించిన వివరాలలో దొరికింది. కుదుపు తగిలినా నష్టం జరగని ప్రాంతాలవారు ఇంతకన్నా పెద్ద విపత్తు రాబోతోందని ఎందుకు చెప్పుకున్నారన్నది అక్కడి చిక్కు. ఉన్న భయానికి తగిన కారణం సమకూర్చుకునేందుకేమోనని ఫెస్టింజర్ ఆలోచించాడు. నీకు కూడా అర్థం కాని ప్రవర్తన ఏదైనా మనుషుల్లో కనిపిస్తే దాన్ని ముందు వివరంగా రాసిపెట్టుకో, సిద్ధాంతం కోసం తొందరపడకు.

ఇక గైడ్ సంగతి. పేరును బట్టి ఎంచుకోవద్దు. తొలి సమావేశంలోనే, తాము అనుకున్నట్టు ఫలితం రాని అధ్యయనం ఒకదాని గురించి చెప్పమని మర్యాదగా అడుగు. అటువంటిదేమీ లేదని చెప్పినా, ప్రశ్నకే చిరాకుపడినా, వేరొకరిని చూసుకో. ఆ ఫైలు తీసి చూపించి, ఎక్కడ పొరపాటు పడి ఉండవచ్చో నీతో చర్చించే మనిషి దొరికితే, వారి పరిశోధనాంశం నీకు రెండో ఇష్టమైనదే అయినా సరే, అక్కడే చేరు.

ఆశీస్సులతో,
మామయ్య